బ్రేక్ ఆయిల్ పోసే ముందు లీకు ఎక్కడో చూడండి

నెల్లూరులో మోటార్ సైకిల్ మెకానిక్కులకు డిస్క్ బ్రేకు కొత్తేమీ కాదు. ప్యాడ్లు మార్చడం, బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయడం, మాస్టర్ సిలిండర్‌కు కిట్ వేయడం వాళ్లకు రోజూ ఉండే పనే. సైకిల్ షాపుల్లో మాత్రం ఇప్పటికీ ఎక్కువగా నడిచేది పంక్చర్లు, బ్రేకు వైర్లు, చైన్లు. ఈ రెంటికీ మధ్యలో ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న ఎంటీబీ (మౌంటెన్ బైకు) సైకిల్ వచ్చి పడింది. బ్రేకు చెమర్చడం మొదలైతే సైకిల్ షాపాయన "అది మనది కాదు సార్" అంటాడు, సైకిల్ నేరుగా మోటార్ సైకిల్ షెడ్డుకు చేరుతుంది.

"ఏందన్నా, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తా ఉంది?"

"ఆయిల్ తగ్గుంటాదిలేబ్బా, పోసి గాలి తీద్దాం."

షెడ్డు మెకానిక్ చెప్పేదాంట్లో ముప్పాతిక భాగం సరైనదే. సూత్రం ఒకటే, సీళ్లూ పిస్టన్లూ ఒకలాంటివే. పీకల మీదికి తెచ్చేది మిగిలిన పాతిక భాగం. సైకిల్ బ్రేకులో ఆయిల్ చాలా కొంచెం ఉంటుంది, భాగాలు సున్నితం, పైగా చాలా బ్రేకుల్లో ఉండేది మోటార్ సైకిల్ ఆయిల్ కానే కాదు. అందుకే లీకు కనబడగానే ఆయిల్ సీసా ఎత్తడం తిరగేసిన పద్ధతి. ఏ చోట కారుతోందో తేలితే ఏం చేయాలో దానంతట అదే తేలుతుంది.

మీ సైకిల్లో లివర్ నుంచి డిస్కు దగ్గరికి స్టీలు వైరు పోతుంటే అది కేబుల్ డిస్క్ బ్రేకు. అందులో ఆయిలే ఉండదు, మీకు ఈ గొడవే లేదు.

ఇక లోపల జరిగేది చూద్దాం. లివర్ నొక్కితే దాని పక్కనే ఉండే మాస్టర్ సిలిండర్లోని చిన్న పిస్టన్ ముందుకు జరిగి, పైనున్న చిన్న ఆయిల్ ట్యాంకు నుంచి వచ్చే రంధ్రాన్ని దాటి, ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఒత్తిడి, కింద డిస్కుకు అటూ ఇటూ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లోని రెండు పిస్టన్లను, పెద్ద బ్రేకుల్లో అయితే నాలుగింటిని, బయటికి తోస్తుంది. అవి ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. ప్రతి పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీల్ ఉంటుంది. ఆయిల్ బయటికి రాకుండా ఆపేది అదే, పిస్టన్‌ను వెనక్కి లాగేదీ ప్రధానంగా అదే. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు సీల్ దాన్ని పట్టుకుని కొంచెం మెలి తిరుగుతుంది. లివర్ వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి తెస్తుంది. ఈ రాకపోకలన్నీ మిల్లీమీటరులో ఏ కొంతో.

ప్యాడ్ అరిగినప్పుడు ఆ మెలి చాలదు. పిస్టన్ సీల్‌లో నుంచి జారి కొంచెం ముందుకొచ్చి అక్కడే నిలబడుతుంది. దాని వెనక ఖాళీ అయిన చోటు నింపడానికి పై ట్యాంకులోంచి ఆయిల్ దిగుతుంది. ట్యాంకులో పల్చటి రబ్బరు పొర ఉంటుంది, ఆయిల్ తగ్గినంత మేర అది కుంగుతుంది. ప్యాడ్లు అరిగే కొద్దీ లివర్ అడ్జస్ట్ చేసే పని లేకుండా పోయింది ఈ ఏర్పాటు వల్లే.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, ట్యాంకులో ఆయిల్ తగ్గినంత మాత్రాన లీకు ఉన్నట్టు కాదు. అరిగిన ప్యాడ్లు ఆ ఆయిల్‌ను కిందికి పిలిపించుకుని ఉండొచ్చు. ఆ సంగతి చూడకుండా "తగ్గిందిలే" అని ట్యాంకు నిండా పోస్తే అసలు లీకు అప్పుడు తయారవుతుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్లను వెనక్కి నొక్కాలి. నొక్కితే వాటి వెనకున్న ఆయిల్ పైకి పోవాలి. పైన చోటు లేదు. బలవంతంగా నొక్కితే ట్యాంకు మూత అంచుల్లోంచో స్క్రూ సందులోంచో ఆయిల్ చిమ్ముతుంది, లేదంటే లోపలి రబ్బరు పొర చిరుగుతుంది. ఏదీ కాకపోతే ప్యాడ్లు డిస్కును ఒరుసుకుంటూనే ఉంటాయి, సైకిల్‌ను మే నెల ఎండలో మధ్యాహ్నం వదిలేస్తే ఆయిల్ వ్యాకోచించి చక్రం ఇంకా బిగుసుకుంటుంది. ప్యాడ్లు కొత్తవి వేసి, పిస్టన్లు పూర్తిగా లోపలికి పోయాక మాత్రమే ఆయిల్ మట్టం గురించి మాట్లాడాలి.

ఎండ ఊసెత్తాం కాబట్టి ఒక అపోహ కూడా తీర్చుకుందాం. మన ఎండలకు బ్రేక్ ఆయిల్ మరిగిపోతుందని కొందరి నమ్మకం. మోటార్ సైకిళ్లలో వాడే డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, నీరు పీల్చుకున్నాక అది 155కు పడిపోతుంది. డాట్ 5.1కు ఆ అంకెలు 260, 180. రోహిణి కార్తె ఎండ ఎంత మాడ్చినా అక్కడికి చేరదు. దోర్నాల శ్రీశైలం ఘాట్ లాంటి చోట బ్రేకు వదలకుండా దిగితే వచ్చే వేడి వేరు. నెల్లూరు, ఇందుకూరుపేట లాంటి చదును నేల మీద తిరిగే సైకిల్ లివర్ మెత్తబడిందంటే ఎండను తిట్టక్కర్లేదు. లోపల గాలి చేరిందో, ప్యాడ్లు అయిపోయాయో, ఎక్కడో కారుతోందో చూసుకోవాలి.

తడి బ్రేకుదేనా?

కాలిపర్ తడిగా ఉందంటే అది కాలిపర్‌లోంచే వచ్చిందని అనుకోవడం సహజం. కానీ ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది. లివర్ దగ్గర మొదలైన చుక్క పైపు వెంబడి మెల్లగా దిగి కాలిపర్ మీద పోగవుతుంది. పైపును పైనుంచి కింది దాకా రెండు వేళ్లతో నిమిరితే ఎక్కడి నుంచి జిడ్డు మొదలైందో తెలిసిపోతుంది.

ముందు చక్రం విషయంలో ఇంకో దొంగ ఉన్నాడు, సస్పెన్షన్ ఫోర్కు. ఫోర్కు సీల్ పాడైతే అందులోని ఆయిల్ ఫోర్కు ఎడమ గొట్టం వెంబడి జారి సరిగ్గా బ్రేకు మీదికి దిగుతుంది. ఫోర్కు మెరిసే గొట్టం మీద జిడ్డు వలయం, దాని కింద చార కనబడితే బ్రేకును వదిలేసి ఫోర్కు సంగతి చూడాలి.

వెనక చక్రంలో అనుమానించాల్సింది చైన్ లూబ్ స్ప్రే. స్ప్రే కొట్టినప్పుడు ఎగిరే తుంపరలు డిస్కు మీద పడతాయి. ఇక వాటర్ సర్వీసింగ్. మోటార్ సైకిల్‌తో పాటు సైకిల్‌నూ అక్కడికి తోసుకెళ్లేవాళ్లున్నారు. కడిగాక మెరుపు కోసం డీజిలో, పాలిషో కొట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. మోటార్ సైకిల్ ఇంజనుకు దానివల్ల ఏమవుతుందో గానీ, సైకిల్ డిస్కుకు మాత్రం అది విషం. బ్రేకు కీచుమని అరుస్తూ పట్టకపోతే, లివర్ మాత్రం గట్టిగానే ఉంటే, చాలాసార్లు కారణం ఇదే. ఆయిల్ కారి గాలి చేరిన బ్రేకులో లివర్ మెత్తగా, స్పాంజిలా తగులుతుంది. ఈ తేడా మొదటి ఐదు నిమిషాల్లోనే చాలా విషయం చెప్పేస్తుంది.

రంగు కూడా సాయం చేస్తుంది. షిమానో కంపెనీ సైకిల్ బ్రేకుల్లో వాడే మినరల్ ఆయిల్ ఎర్రటి ఛాయలో ఉంటుంది, మగురా కంపెనీది నీలం. డాట్ ఆయిల్ లేత పసుపు. నల్లగా, మట్టి పట్టి ఉంటే చైన్ ఆయిలే కావొచ్చు. అయితే పాతబడిన బ్రేక్ ఆయిల్ కూడా నల్లబడుతుంది కనుక రంగు ఒక్కదాని మీదే తీర్పు చెప్పకూడదు.

అసలు పరీక్షకు ఒక రాత్రి పడుతుంది. ముందు లివరు, పైపు జాయింట్లు, కాలిపర్ అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి. మొబైల్ రిపేరు వాళ్లు బోర్డులు కడగడానికి వాడేది అదే, ఆ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కరోనా నాటి శానిటైజర్ సీసా ఇంట్లో మిగిలుంది కదా అని అది తేకండి. చేతులు ఎండిపోకుండా చాలావాటిలో గ్లిజరిన్ కలుపుతారు, అది డిస్కు మీద పొరగా నిలుస్తుంది. పెట్రోలు, కిరోసిన్ కూడా వద్దు.

అంతా ఆరాక తెల్లటి టిష్యూ కాగితాన్ని సన్నటి పట్టీలుగా చించి లివర్ వెనక, పైపు లివర్‌లోకి దూరే చోట, పైపు కాలిపర్‌కు కలిసే చోట, గాలి తీయడానికి కాలిపర్ మీదుండే బ్లీడ్ నిపుల్ చుట్టూ కట్టండి. ప్యాడ్లు తీసి వాటి స్థానంలో బ్లీడ్ బ్లాక్ అనే ప్లాస్టిక్ దిమ్మ పెట్టి, పిస్టన్ల పక్కన ఇంకో టిష్యూ ముక్క దూర్చండి. పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు రింగుతో లివర్‌ను గ్రిప్‌కు బిగించి, ఒత్తిడిలోనే తెల్లారేదాకా వదిలేయండి. పొద్దున చూస్తే కారే చోట టిష్యూ మీద మరక ఉంటుంది. లివర్ గ్రిప్‌కు పూర్తిగా అంటుకుపోయి ఉన్నా, టిష్యూలన్నీ పొడిగానే ఉంటే లీకు బయటికి కాదు, మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ దాటి ట్యాంకులోకే ఆయిల్ తిరిగిపోతోందని అర్థం.

ప్యాడ్లు గానీ బ్లాక్ గానీ మధ్యలో లేకుండా లివర్ నొక్కొద్దు. ఆపడానికి ఏమీ లేక పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి, సీల్ దాటాయంటే ఆయిలంతా నేల పాలు. చక్రం ఊడదీసి కారు డిక్కీలో పెట్టుకునేవాళ్లకు ఇది బాగా ఎదురయ్యే చిక్కు.

మరక కనబడిన చోటు

లివర్ మీద బ్లీడ్ స్క్రూ దగ్గరైతే అదృష్టవంతులు. దాని కిందున్న చిన్న రబ్బరు రింగు (ఓ-రింగు) నలిగి ఉంటుంది, లేదా ఎవరో తీసి మరచి ఉంటారు. కొత్తది వేసి మెల్లగా బిగిస్తే సరిపోతుంది. అల్యూమినియంలో కోసిన చిన్న మర అది, ఓ-రింగు లేని లోటు బలంతో పూడ్చాలని చూస్తే మర పోతుంది.

లివర్ వెనక రబ్బరు తొడుగు తడిస్తే మాస్టర్ సిలిండర్ సీల్ పోయినట్టు. హోప్, స్రామ్ లాంటి కంపెనీలు లోపలి భాగాల కిట్లు అమ్ముతాయి. షిమానోలో లివర్ మొత్తం మార్చడమే.

పైపు లివర్‌లోకి దూరే జాయింట్ కొంచెం ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది. ఆ నట్టు విప్పితే లోపల రెండు చిన్న భాగాలు కనబడతాయి. పైపు మొనలోకి దిగగొట్టిన సన్నటి గొట్టం ఒకటి, పైపు చుట్టూ ఉన్న ఇత్తడి రింగు ఇంకొకటి. దీన్ని ఆలివ్ అంటారు. నట్టు బిగించినప్పుడు ఆలివ్ నలిగి పైపును కరిచి పట్టుకుంటుంది, సీల్ అయ్యేది అలాగే. ఒకసారి నలిగిన ఆలివ్ మళ్లీ అంత నమ్మకంగా సీల్ కాదు. పైపు పొడవు తగ్గించినా, ఫ్రేములోంచి బయటికి లాగి మళ్లీ ఎక్కించినా కొత్త ఆలివ్, కొత్త గొట్టం వేయాల్సిందే. పైపు రకాన్నిబట్టి ఆ గొట్టం మారుతుంది కాబట్టి కొనేటప్పుడు పైపు మీదున్న అచ్చు చూసి చెప్పాలి. పైపు మొన కత్తిరించడానికి బ్లేడు పదునుగా ఉండాలి, కోత నిట్టనిలువుగా రావాలి. కటింగ్ ప్లేయరుతో కొరికితే మొన నొక్కుకుపోయి జీవితాంతం చెమరుస్తుంది. సైకిల్ పడిపోయి హ్యాండిల్ గిరుక్కున తిరిగినప్పుడు ముందు దెబ్బ తినేది కూడా ఈ జాయింటే.

కాలిపర్ బ్లీడ్ నిపుల్ దగ్గర తడి చూసి కంగారుపడేవాళ్లు ఎక్కువ. బ్లీడింగ్ (గాలి తీయడం) చేశాక నిపుల్ రంధ్రంలో మిగిలిపోయిన చుక్క ఒకటి రెండు రోజుల పాటు రబ్బరు మూత కిందినుంచి ఊరుతుంది. అది లీకు కాదు. టిష్యూ కొసను పురిపెట్టి రంధ్రంలో దూర్చి పీల్చేయండి. ఆ తర్వాతా తడిస్తే అప్పుడు చూద్దాం.

పిస్టన్ సీల్ కథ

అన్నిటికన్నా తలనొప్పి ఇదే. "కొత్త ప్యాడ్లు వేయించిన వారానికే కారడం మొదలైంది" అనే ఫిర్యాదు చాలామంది నోట వస్తుంది, ప్యాడ్లు నాసిరకమని తిట్టుకుంటారు. ప్యాడ్లకూ లీకుకూ సంబంధం లేదు, ప్యాడ్లు వేసిన విధానానికి ఉంది.

ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుందని చెప్పుకున్నాం. అలా బయటికొచ్చిన భాగం నెలల తరబడి దుమ్ముకు, నీళ్లకు ఎదురుగా ఉంటుంది. మైపాడు బీచ్ ఇసుకలో తొక్కి వచ్చిన సైకిల్ అయితే ఉప్పు కూడా చేరుతుంది. ప్యాడ్లు తీసి టార్చి వేసి చూడండి. పిస్టన్ అంచు చుట్టూ బూడిదరంగులో, వేలితో గీకినా రాని పొర ఒకటి గట్టిపడి ఉంటుంది. ప్యాడ్ పొడి, మట్టి, తేమ కలిసి ఎండిన పేస్టు అది. దాన్ని తుడవకుండా స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్‌ను లోపలికి తోస్తే ఆ గరుకు పొర అంతా గరుపు కాగితంలా సీల్ పెదవిని గీసుకుంటూ లోపలికి పోతుంది. ఆ గీతే రేపటి లీకు. పైగా కొన్ని బ్రేకుల్లో పిస్టన్లు సిరామిక్‌వి. స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నొక్కితే అంచు పెళుసుగా విరుగుతుంది.

సరైన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. చక్రం, ప్యాడ్లు తీయండి. ఒక పిస్టన్ కదలకుండా, టైరు ఊడదీయడానికి వాడే ప్లాస్టిక్ టైర్ లివర్‌తో ఆపి, బ్రేకు లివర్‌ను మెల్లగా నొక్కుతూ రెండో పిస్టన్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రానివ్వండి. అంతకు మించొద్దు. చెవులకు వాడే దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి పిస్టన్ చుట్టూ తుడవండి. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చుతూ తుడుస్తూ ఉండాలి. ఆరాక బ్రేకులో వాడే ఆయిలే ఒక చుక్క పిస్టన్ పక్కలకు రాసి, టైర్ లివర్ బల్లపరుపు వైపుతో నేరుగా లోపలికి నెట్టండి. రెండు మూడు సార్లు ఇలా బయటికి, లోపలికి ఆడిస్తే ఎండిపోయిన సీల్ మళ్లీ మెత్తబడుతుంది. తర్వాత పొడిగా తుడిచి రాత్రి పరీక్ష మళ్లీ పెట్టండి.

లాక్‌డౌన్ రోజుల్లో కొని, కొన్నాళ్లు తొక్కి, తర్వాత బాల్కనీలో నిలబెట్టేసిన సైకిళ్లకు చాలాసార్లు ఇంతటితో పని జరిగిపోతుంది. టిష్యూ మళ్లీ తడిస్తే మాత్రం సీల్ కోసుకుపోయింది, లేదా పిస్టన్ బీటలిచ్చింది. షిమానో పిస్టన్ సీళ్లు విడిగా అమ్మదు, కాలిపరే మార్చాలి. ఎంటీ200 లాంటి ప్రవేశ స్థాయి బ్రేకుకు ఎక్కడిదో కొలత సీల్ వెతికి, ఊరూరా ఓ-రింగులు అడిగి దూర్చడం నాకు నచ్చని పని. సీల్ పెట్టే గాడి, సీల్ అంచు ఆకారం కలిసే పిస్టన్‌ను వెనక్కి తెస్తాయి. గుండ్రటి ఓ-రింగు ఆయిల్ ఆపినట్టు కనబడొచ్చు, ఆ వెనక్కి లాగే పని చేయదు. బ్రేకు మీద పొదుపు అక్కడ మొదలుపెట్టకూడదు.

ఏ ఆయిలు?

మెకానిక్ చేతిలోని సీసా దగ్గరికి వద్దాం. మోటార్ సైకిళ్లన్నిటిలో దాదాపుగా డాట్ 3 లేదా డాట్ 4 ఉంటుంది, గ్లైకాల్ జాతి ద్రవం. షిమానో, టెక్ట్రో, మగురా సైకిల్ బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. హోప్ డాట్ వాడుతుంది. స్రామ్ చాలా కాలం డాట్ 5.1తోనే నడిచింది, ఇటీవలి డీబీ8, మేవెన్ బ్రేకుల్లో మినరల్‌కు మారింది. కంపెనీ పేరును బట్టి కాకుండా లివర్ మీద, ట్యాంకు మూత మీద రాసి ఉన్నదాన్ని బట్టి నడవాలి. డాట్ 5 అని విడిగా దొరికేది సిలికాన్ ద్రవం, అంకె దగ్గరగా ఉందని 5.1 బదులు అది పోయకూడదు.

మినరల్ బ్రేకులో డాట్ పోస్తే మొదటి రోజు ఏమీ తెలియదు. బ్రేకు చక్కగా పడుతుంది, అందుకే "ఏం కాలేదే" అనిపిస్తుంది. రోజులు గడిచే కొద్దీ లోపలి రబ్బరు ఉబ్బుతుంది. పిస్టన్లు బిగుసుకుంటాయి, లివర్ వెనక్కి రాదు, ఆ తర్వాత సీళ్లు మెత్తబడి కారతాయి. డాట్ బ్రేకులో మినరల్ పోసినా ఇదే గతి. అప్పుడు కడిగి మళ్లీ సరైన ఆయిల్ పోస్తే సరిపోదు. రబ్బరు ముక్కలన్నీ మార్చాలి, చౌక బ్రేకులో అయితే సెట్టే మార్చాలి.

సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నవాళ్లకు లోపల ఏముందో తెలుసుకునే సులువు ఉంది. బ్లీడ్ నిపుల్ నుంచి ఒక చుక్క తీసి గాజు గ్లాసు నీళ్లలో వేయండి. మినరల్ ఆయిల్ పైన తేలి గుండ్రటి మచ్చలా నిలుస్తుంది. డాట్ నీళ్లలో కలిసిపోతుంది. లివర్ మీద మినరల్ అని రాసి ఉండి, చుక్క నీళ్లలో మాయమైతే ఆ సైకిల్ చరిత్ర మీకు అర్థమైనట్టే.

గాలి తీయడం, ప్యాడ్లు

లీకు ఆగాకే బ్లీడింగ్. షిమానో రకం బ్రేకుకు లివర్ మీద చిన్న గరాటు బిగించి, కింద నిపుల్‌కు సిరంజి పెట్టి ఆయిల్‌ను కిందినుంచి పైకి నెడతారు. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి ఆ దిశ మంచిది. సిరంజి నెల్లూరు పొగతోటలో ఏ మెడికల్ షాపులో అడిగినా ఇస్తారు, నిపుల్‌కు గట్టిగా పట్టే పైపు అక్వేరియం షాపులో చూసుకోవచ్చు. రెండు బ్రేకులకూ 100 మిల్లీలీటర్ల సీసా చాలు. మొదలుపెట్టే ముందు చక్రాన్నీ ప్యాడ్లనూ వేరే గదిలో పెట్టేయండి. నెడుతున్నప్పుడు పైపును వేళ్లతో తడుతూ ఉంటే మలుపుల్లో ఇరుక్కున్న బుడగలు కదిలి గరాటులోకి తేలతాయి. స్రామ్ పద్ధతి వేరు, రెండు వైపులా సిరంజిలుంటాయి.

ఆయిల్ తాగిన ప్యాడ్ల గురించి ఇంటర్నెట్లో రకరకాల వైద్యాలున్నాయి. గ్యాస్ స్టవ్ మీద కాల్చమంటారు, గరుపు కాగితంతో రుద్దమంటారు. లోహపు పొడితో చేసిన సింటర్డ్ ప్యాడ్లయితే కొంత బతుకుతాయేమో గానీ, రెసిన్ ప్యాడ్లు లోపలిదాకా పీల్చేసుకుంటాయి. పైన రుద్ది బిగిస్తే నాలుగు రోజులు బాగుండి, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది. పారేసి కొత్తవి వేయడమే మేలు. డిస్కు మాత్రం పోదు, ఆల్కహాల్‌తో గుడ్డ మార్చి మార్చి తుడిస్తే శుభ్రపడుతుంది. మందం చూసుకోండి, షిమానో డిస్కు 1.5 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాలి. చౌక డిస్కుల మీద 'రెసిన్ ప్యాడ్లు మాత్రమే' అని రాసి ఉంటే సింటర్డ్ వేయొద్దు, డిస్కు త్వరగా అరిగిపోతుంది.

కొత్త ప్యాడ్లు మొదటి రోజు సరిగా పట్టవు. రద్దీ లేని రోడ్డు మీద గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం అందుకుని, నడక వేగానికి తగ్గేదాకా బ్రేకు నొక్కి, పూర్తిగా ఆగకుండా వదిలేసి మళ్లీ వేగం అందుకోవాలి. ఒక్కో బ్రేకుతో విడివిడిగా ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పల్చగా పరుచుకుని పట్టు కుదురుతుంది. నరసింహకొండ లాంటి వాలు దిగడం ఆ తర్వాతే పెట్టుకోండి.

మిగిలిన పాత ఆయిల్‌ను మురుగు కాలవలో పోయకండి. మోటార్ సైకిల్ షెడ్డులో వాడేసిన ఆయిల్ డబ్బా ఉంటుంది, అందులో పోయిస్తారు. డాట్ ఆయిల్ అయితే పోసే తొందరలో ఫ్రేము మీద ఒలకనివ్వకండి, అది పెయింటును లేపేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.